గాజుపలక మీది దీపస్తంభం

ఈ వార్షిక సంచికకు ఏదైనా ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదకవర్గంలోని విద్యార్థులు మమ్ములను అడిగినప్పుడు, తొలినాళ్ళలో తీసిన దీపస్తంభాల ఛాయాచిత్రాలను గురించి వ్రాస్తామని చెప్పినాము. వారు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. ఖమ్మం మెట్టలకూ, భద్రాచలం అడవులకూ సముద్రంతో ఏమి సంబంధమని వారి సందేహం. టేకు, ఇప్ప, తునికి చెట్ల నడుమ పెరిగిన మేము సముద్రాన్ని మొదటిసారి చూచినది ఇరవై రెండవ యేట. అయినను దీపస్తంభాన్ని మాత్రం నడక వచ్చిన నాటినుండి ఎరుగుదుము. అది మా ఇంటి గోడమీద ఉండెడిది.

మా నాన్నగారికి భద్రాచలంలో రేవుకు పోయే దారిలో ఒక చిన్న ఫోటో స్టూడియో ఉండెడిది. ముందుగది పెళ్ళివారికి, వెనుకగది చీకటికి. ముందుగది గోడమీద, తెరకు ఎడమవైపున, లేత గోధుమరంగుకు తిరిగిన ఒక పాత చిత్రం పటం కట్టి ఉండెడిది. నాన్నగారు రాజమహేంద్రవరంలో ఒక వృద్ధ ఛాయాగ్రాహకుని వద్ద పని నేర్చుకొన్నారు. పని ముగించుకొని వచ్చేనాడు ఆ గురువుగారు దానిని బహుమానంగా ఇచ్చినారట. నున్నని రాతి స్తంభమొకటి, దాని నెత్తిన గాజు గది, వెనుక తెల్లని ఆకాశం. స్తంభం అడుగున తలపాగా చుట్టుకొన్న మనిషి ఒకడు శిలవలె నిలుచుని ఉన్నాడు. అతని ప్రక్కన బండికి కట్టిన ఎద్దులకు తలలు లేవు. తలలు ఊపినందున అవి పొగవలె చెదరిపోయినవి.

అది మద్రాసులోని రెండవ దీపస్తంభం. చిత్రంలో ఎక్కడను హైకోర్టు భవనం కానరాదు. ఇప్పుడు ఆ స్తంభం హైకోర్టు ఆవరణలోనే ఉన్నది. ఆ భవన నిర్మాణం 1888లో మొదలై 1892లో ముగిసినది. కనుక మా చిత్రం 1888కి పూర్వపుదని నాన్నగారు లెక్క చెప్పెడివారు. భౌతికశాస్త్రం చదువుకోకపోయినను సాక్ష్యాన్ని బట్టి కాలాన్ని నిర్ణయించడం మాకు నేర్పినవారు ఆయనే.

చిన్నతనంలో మేము ఒకనాడు అడిగినాము: "నాన్నగారూ, లైట్‌హౌసు అంటున్నారు గదా, మరి లైటేదీ?"

"లైటు రాత్రి వెలుగుతుందిరా. కెమెరా పగలు చూస్తుంది. ఇద్దరికీ పొత్తు కుదరలేదు" అన్నారాయన.

ఆ మాటలోని నిజం మాకు కళాశాల చదువుకు వచ్చిన తరువాతగాని బోధపడలేదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆంగ్లేయుడు ప్రకటించిన తడిపలక పద్ధతి తరువాతి ముప్పది ఏండ్లు ప్రపంచమంతటా చెల్లుబడి అయినది. దానిలోని శ్రమ ఈనాడు ఊహకు అందదు. నత్రికామ్లంలో నానిన దూదిని ఈథరులోను, ఆల్కహాలులోను కరగించి, అయొడైడు లవణం కలిపి, ఆ ద్రవాన్ని శుభ్రమైన గాజుపలక మీద పోయవలెను. పలకను నాలుగు మూలలకు వంచి, ద్రవం అంతటా సమంగా పారునట్లు చేసి, మిగిలినదానిని ఐదవ క్షణానికి సీసాలోనికి వంచవలెను. చేయి వణికెనా, పలక మీద గీతలు పడును. పిమ్మట చీకటిలో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, చిత్రం తీసి, తడి ఆరకముందే మళ్ళీ చీకటిలోనికి పరుగెత్తి దానిని కడగవలెను. ఇంగ్లండు చలిలోనే పది నిమిషాల గడువు. మద్రాసు ఎండలో ఎంత ఉండునో మీరే ఊహించవచ్చును. చీకటి డేరా, నీళ్ళ కుండలు, గాజుపలకల పెట్టెలు, మందుల సీసాలు అన్నియు బండి మీద ఎక్కించుకొని పోవలెను. మా చిత్రంలోని తలలేని ఎద్దులు ఆ డేరాను మోసుకొని వచ్చినవే కావచ్చునని మా అనుమానం.

అంతటి శ్రమపడినను ఆ పలకకు ఒక పెద్ద లోపమున్నది. నీలి, ఊదా కిరణాలు తప్ప తక్కిన రంగులు దానికి దాదాపు కానరావు. నీలాకాశం పలక మీద బలంగా పడి, అచ్చు తీసినప్పుడు తెల్లకాగితమై నిలుచును. ఎరుపు నలుపగును. ఇక సున్నం కొట్టిన తెల్లని దీపస్తంభాన్ని తెల్లబారిన ఆకాశానికి ఎదురుగా పెట్టి చూడండి! పాలలో మల్లెపూవు వంటిది. ఓడల వారికి పగటిపూట స్పష్టంగా కనబడుటకు పూసిన తెలుపే కెమెరా కంటికి స్తంభాన్ని మాయం చేసినది. అందుచేత ఆనాటి నేర్పరులు ఉదయమో సాయంకాలమో ఎండ ఒక ప్రక్కనుండి పడే వేళకు కాచుకొని, స్తంభానికి ఒక వైపు నీడ పట్టిన తరువాత మూత తీసెడివారు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు గుస్తావ్ ల గ్రే సముద్రాన్ని ఒక పలక మీద, ఆకాశాన్ని వేరొక పలక మీద తీసి, రెండింటిని ఒకే కాగితం మీద అచ్చువేసిన సందర్భాలున్నవి. ఆయన 1856-57 ప్రాంతాల హావ్ర్ రేవులోని దీపస్తంభాన్ని తీసినాడు. దీపస్తంభాల తొలి ఛాయాచిత్రాలలో అది పేరుపొందినది.

మద్రాసు స్తంభం ఈ పరీక్షలో నెగ్గుటకు దాని రాయే కారణం. పల్లావరం రాతితో కట్టిన ఆ స్తంభం బూడిదరంగులో ఉండి ఆకాశం నుండి విడిపడి కనిపించును. దాని రూపకర్త మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కాప్టెన్ జాన్ థామస్ స్మిత్. అంతకు పూర్వం, 1796 నుండి, కోటలోని ఒక మేడ మీద కొబ్బరినూనె దీపాలు ఓడలకు దారి చూపుచుండెను. స్మిత్ స్తంభం మీది దీపం 1844 జనవరి 1న వెలిగినది. ఈ స్మిత్ దొర సున్నపు పనిలో ఘటికుడు. సున్నమూ, సిమెంటూ గట్టిపడే విధమును గురించి వికా అనే ఫ్రెంచి ఇంజనీరు వ్రాసిన గ్రంథాన్ని 1837లో ఆంగ్లంలోనికి అనువదించి, ఈ దేశపు అనుభవాలను దానికి చేర్చినాడు. మన కాసెపనివారికి, గానుగ సున్నం నూరిన కూలీలకు ఆ గ్రంథం అవసరం రాలేదు. వారికి తెలిసినదానిని గ్రంథంలోనికి ఎక్కించవలసిన అవసరం గ్రంథకర్తకే వచ్చినది. మద్రాసు చునాం అని పేరుపడిన తెల్లని గచ్చులో గుల్లసున్నంతోపాటు కోడిగ్రుడ్ల సొన కూడ కలిపెడివారు. ఛాయాచిత్రం అచ్చువేసే కాగితానికి పూసినదీ కోడిగ్రుడ్డు తెల్లసొనయే. కట్టడానికీ, దాని బొమ్మకూ ఒకే సరుకు అక్కరకు వచ్చుట మాకు ఎప్పుడు తలచుకొన్నను నవ్వు తెప్పించును. గ్రుడ్లు అమ్మిన మనిషికి రెండు బేరాలు!

ఇక స్తంభం నెత్తిన ఉన్న గాజును గురించి చెప్పవలెను. ఇది మా శాస్త్రానికి చెందినది గనుక పాఠకులు కొంచెం ఓర్చుకొనవలెను. దీపం చుట్టూ అన్ని దిక్కులకు చెదరిపోయే వెలుతురును ఒక్క దిక్కునకు మళ్ళించి సముద్రం మీదికి పంపవలెనన్న పెద్ద కటకం కావలెను. అంత పెద్ద గాజు ముద్ద బరువుకు నిలువదు, మందానికి వెలుతురును మింగును. ఫ్రెంచి శాస్త్రవేత్త అగస్టిన్ ఫ్రెనెల్ ఆ ముద్దలోని పనిలేని గాజును తీసివేసి, వంపును మాత్రం మెట్లుమెట్లుగా నిలిపినాడు. అది 1823లో కోర్దువాన్ దీపస్తంభం మీద మొదట వెలిగినది. కోర్దువాన్ ఉన్నదెక్కడ? గిరోంద్ నది సముద్రంలో కలిసే చోట, ఒండ్రు మేటల నడుమ. మన గోదావరి ముఖద్వారం వంటి చోటే. ఫ్రెనెల్ మరి నాలుగేండ్లకు, ముప్పది తొమ్మిదవ యేట క్షయతో మరణించినాడు. ఆయన లెక్క కాగితం మీద నిమిషంలో అర్థమగును. దానిని గాజులో సాధించుటకు ఫ్రాన్సులోను, పిమ్మట బర్మింగుహాము సమీపాన ఛాన్స్ సోదరుల కర్మాగారంలోను పనివారు ఒక్కొక్క పట్టకాన్ని ఇసుకతో అరగదీసి, కురువిందపు పొడితో నున్నజేసి, ఎర్రని ఇనుపభస్మంతో మెరుగు పెట్టినారు. ఒక్క పట్టకం వంపు తప్పినను దాని వంతు వెలుతురు సముద్రానికి బదులు ఆకాశానికి పోవును.

మా విద్యార్థులకు మేము ప్రతి సంవత్సరం చెప్పే మాట ఒకటున్నది. కెమెరాను లోపలినుండి బయటికి త్రిప్పితే దీపస్తంభమగును. కెమెరాలో దూరపు వెలుతురు కటకం గుండా వచ్చి నాభి వద్ద పలక మీద చేరును. దీపస్తంభంలో నాభి వద్ద దీపముంచితే వెలుతురు కటకం గుండా దూరానికి పోవును. త్రోవ ఒక్కటే, పయనం ఎదురు. ఈ మాట ఒకనాడు స్టాఫ్ రూములో అన్నప్పుడు, మా ఉర్దూ అధ్యాపక మిత్రులు చదువుచున్న పుస్తకం మూసి, "మాష్టారూ, మీరిద్దరినీ కలిపినారు గాని, మా భాషలో వారిద్దరు ఏనాడో ఒకే ఇంటివారు" అన్నారు. మినార్ అనే మాట అరబ్బీ 'మనారా' నుండి వచ్చినది. వెలుగు ఉండే చోటని దాని అర్థం. నూర్ అనే మాటకు అది తోబుట్టువు. అలెగ్జాండ్రియాలోని పురాతన దీపస్తంభాన్ని అరబ్బులు అట్లే పిలిచినారు. ఇబ్న్ బతూతా 1326లో చూచినప్పుడు దాని ఒక ముఖం కూలి ఉన్నది. 1349లో మళ్ళీ వెళ్ళినప్పుడు లోనికి పోవుటకు వీలులేనంతగా శిథిలమైనది. ఆ మిత్రులే మరొక సంగతి గుర్తుచేసినారు. చీకటిగదిలోనికి చిన్న రంధ్రం గుండా వెలుతురు వచ్చే తీరును పరిశీలించిన ఇబ్న్ అల్ హైథమ్ బస్రాలో పుట్టి, కైరోలో పనిచేసి, పదకొండవ శతాబ్దంలో అక్కడనే మరణించినాడు. మేము వెంటనే ల గ్రేను తలచుకొన్నాము. హావ్ర్ దీపస్తంభాన్ని తీసిన ఆ ఛాయాగ్రాహకుడు అప్పులపాలై దేశం విడిచి, కొంతకాలం అలెగ్జాండ్రియాలో నివసించి, తుదకు కైరోలోనే 1884లో కన్నుమూసినాడు. ఆనాడు మా ఇద్దరికీ తరగతికి ఆలస్యమైనదని ఒప్పుకొనుచున్నాము.

మన తీరానికి వత్తము. భీమునిపట్నం పోయే ఓడలను జలాంతర్గత శిలల నుండి కాపాడుటకు 1847లో సంతపల్లి కొండమీద దీపస్తంభం కట్టినారు. గోదావరి కథ వేరు. ఇక్కడ ప్రమాదం రాతిది కాదు, మట్టిది. భద్రాచలం ముందు ప్రతి వర్షాకాలం ఎర్రగా పారిపోయే నీటిలో మన అడవుల మట్టి, ఎక్కడో మహారాష్ట్రపు రేగడి అన్నియు ఉండును. అది పాపికొండలు దాటి, ధవళేశ్వరం దాటి, సముద్రంలో మేటలు వేయును. 1867 జూన్ 19న అమెరికా నౌకాదళపు యుద్ధనౌక సాక్రమెంటో గోదావరి ముఖద్వారం ఎదుట అటువంటి మేటమీదనే కూరుకొని నాశనమైనది. నావికులందరును బ్రతికి బయటపడినారు. ఆ మేటకు ఆ ఓడ పేరే నిలిచినది. అక్కడి దీపస్తంభానికి కూడ అదే పేరు. గోదావరి ఒడ్డున ఎవరు పెట్టని పేరు! కోనసీమ వైపు జాలరులు ఆ పేరును పలుకుచుండగా విన్నప్పుడు, మా ఊరి మట్టి ఒక అమెరికా ఓడను ముంచినదన్న తలపు మాకు కొంత సిగ్గును, అంతకంటె ఎక్కువగా గర్వమును కలిగించినది. ఆ గర్వం ధర్మం కాదని తెలుసును.

1965లో వంతెన రాకముందు భద్రాచలం వచ్చేవారు ఈవలి ఒడ్డున దిగి నావలో దాటెడివారు. వర్షాకాలపు రాత్రులలో రేవు గుర్తుకు ఒక సరంగు వెదురు కర్రకు లాంతరు కట్టి నిలబెట్టెడివాడు. నాన్నగారు దానిని మన ఊరి లైట్‌హౌసు అనెడివారు. ఒకనాటి రాత్రి ఆయన కెమెరాను ముక్కాలి పీట మీద గట్టిగా బిగించి, ఆ లాంతరు ఎదుట మూత తీసి, ఒక చుట్ట కాల్చినంతసేపు కూర్చున్నారట. మద్రాసు చిత్రంలో కుదరని పొత్తును తాము కుదుర్చవలెనని ఆయన పంతం. అప్పటికి పొడిపలకలు చాలా చురుకైనవి వచ్చియున్నవి. పలక బాగా వచ్చినదని అమ్మ చెప్పెడిది. మేము దాని అచ్చును ఎన్నడును చూడలేదు.

1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులు వచ్చినది. మూడవ ప్రమాద హెచ్చరికయే 53 అడుగులకని తెలిసినవారికి ఈ అంకె చాలును. 2022లో 71.3 అడుగులు వచ్చినప్పుడు కూడ ఊరు వణికినది గాని, 1986ను చూచినవారి భయం వేరు. నాన్నగారు అప్పటికి పెద్దవారు. నీరు వీధిలోనికి రాకముందు ఆయన బియ్యం మూటనుగాని బట్టల పెట్టెనుగాని ముట్టక, పలకల పెట్టెలను ఒక్కొక్కటిగా అటకమీదికి చేర్చినారు. నీరు అటకను అందుకొన్నది. నీరు తీసిన తరువాత వెళ్ళి చూస్తే స్టూడియోలో మోకాలు లోతు ఒండ్రు. పెట్టెలలోని పలకలు చాలావరకు ఒకదానికొకటి అతుక్కొనిపోయినవి. జెలటిన్ పూత నీటిలో ఉబ్బి, పెళ్ళికూతుళ్ళ ముఖాలు ముడుతలు పడినవి. పై పెట్టెలలో నాలుగు మాత్రం ఎండిపోయి నిలిచినవి. గోడమీది మద్రాసు స్తంభం అమ్మ చంకలో మాతో శిబిరానికి వచ్చినది.

ఇప్పుడు చెప్పబోవునది చెప్పుటకే ఈ వ్యాసానికి పూనుకొన్నాము. నాన్నగారు పోయిన రెండేండ్లకు మేము ఖమ్మంలో ఇల్లు మారినప్పుడు, ఆ నాలుగు పెట్టెలు బరువనిపించినవి. పటాలు కట్టే ఒకాయన గాజుకొరకు వాటిని కొంటానన్నాడు. "లోపల బొమ్మలున్నవి, మాష్టారూ, ఇచ్చేస్తారా?" అని ఆయన రెండుసార్లు అడిగినాడు. ఆయన అడిగినాడు. మేము అడుగుకోలేదు. వారం తరువాత అటు పోవుచు చూస్తే, అంగడి ముందు తొట్టిలో వేడినీళ్ళు, సోడా, అందులో పలకలు. ఒక కుర్రవాడు ఒక్కొక్కటిని తీసి రేకు ముక్కతో గీకుచున్నాడు. పూత తడి కాగితం వలె చుట్టలు చుట్టుకొని రాలుచుండెను. నలభై యేండ్ల ముఖాలు. బూర్గంపాడు, కూనవరం, చర్ల, దుమ్ముగూడెం ప్రాంతాల నుండి వచ్చి జీవితంలో ఒక్కసారి కెమెరా ముందు కూర్చున్నవారు అందులో ఎందరో ఉండిరి. ఆ కుర్రవాని తప్పేమియు లేదు. ఆపుమని నోటివరకు వచ్చిన మాటను, తీసికొన్న డబ్బు గుర్తుకు వచ్చి, మ్రింగినాము. ఆ డబ్బుతో ఏమి కొన్నామో గుర్తులేదు.

నిజాం ప్రభువు ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1905లో మరణించినాడు. సికింద్రాబాదు మొదలుకొని ఎన్నో చోట్ల ఆయన తీసిన పలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచినది. ఆ వార్త చదివిన రోజున మేము అన్నం సరిగా తినలేదు. రాజాస్థానపు చిత్రాలకూ, రేవు ప్రక్క స్టూడియో చిత్రాలకూ పోలిక తేలేము. గాజు మాత్రం ఒకటే గాజు.

ఈ సంచికకు బొమ్మ కావలెనని గత మాసంలో ఇద్దరు విద్యార్థులు మా ఇంటికి వచ్చి మద్రాసు స్తంభం పటాన్ని దింపినారు. ఒక అబ్బాయి తన ఫోనుతో తీయుటకు ప్రయత్నించి, పై గాజు మెరుపు అడ్డు వచ్చుచున్నదని, వెనుక అట్ట విప్పుటకు మా అనుమతి అడిగినాడు. మేకులు తుప్పుపట్టి ఉన్నవి. అట్ట తీస్తే, చిత్రానికి వెనుక దన్నుగా మరొక గాజు ఉన్నది. "సార్, ఈ గాజు నల్లగా ఉన్నదేమి?" అన్నాడా అబ్బాయి. కిటికీకి ఎదురుగా పట్టినాము.

నెగటివులో చీకటి తెల్లబడును. పలక అంతటా పలుచని, దాదాపు స్వచ్ఛమైన గాజు. అది ఆ రాత్రి ఆకాశం, ఆ రాత్రి నది. అడుగున సన్నని గీతగా వెదురు కర్ర. దాని కొసన కంటిపాప వలె నల్లని చుక్క ఒకటి, చుట్టూ మసక వలయం. లాంతరు. దాని క్రింద నీటిమీద పొడవుగా సాగిన నల్లని చార. నాన్నగారు రెండు చిత్రాలను ఒకే పటంలో ముఖాముఖిగా బిగించి, ఎవరికీ చెప్పక, గోడకు తగిలించినారు. ఇన్నేండ్లు మేము ఒక్కదానినే చూచినాము. రెండు వరదలు దాటి వచ్చిన పలకకు ఒక మూల మాత్రం పూత లేచినది.

మా భౌతికశాస్త్ర విభాగంలో చీకటిగది మూతపడి చాలా కాలమైనది. హైపో దొరకుట కష్టం కాదు. పాత పద్ధతి కాగితం హైదరాబాదు నుండి తెప్పించవలెను. ఆ ఇద్దరు విద్యార్థులు తామే అచ్చు తీస్తామనుచున్నారు. వారికి ఇంతవరకు అది చేయుట రాదు, మేము నేర్పుచున్నాము. మొదట పనికిరాని పలకల మీద చేయి తిరిగిన తరువాతగాని దీనిని వారి చేతికి ఇవ్వము. కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒక్కటే. గ్రంథాలయం వెనుక ఖాళీగా ఉన్న అలమారా ఒకటి మాకు ఇప్పించగలరు. పట్టణంలోను, అడవి అంచు ఊళ్ళలోను ఎవరి అటకమీదనైనా ఇటువంటి పలకలున్నచో, వాటిని నూలుబట్టలో చుట్టి, నిలువుగా పేర్చి అందులో ఉంచుదుము. తడిగుడ్డతో తుడువవద్దని మాత్రం ఇంటివారికి చెప్పవలెను. పలకలు తెచ్చే విద్యార్థులు మధ్యాహ్నం మూడు గంటల తరువాత మా గదికి రావచ్చును.